ఒక వాక్యం పట్టుకురా

వచ్చేటప్పుడు ఒక వాక్యం పట్టుకురా అన్నాడు అన్నయ్య నిన్న ఫోనులో, గీసుకుపోయిన గొంతుతో, అంతే, ఇంకో ముక్క లేకుండా పెట్టేశాడు, అప్పటినుంచి చిన్నదానికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. చిన్నది అంటే చిన్నపిల్ల అనుకునేరు; యాభై దాటిన మనిషి, కళ్ళద్దాల షాపులో వచ్చినవాళ్ళకి చూపు పరీక్ష చేసే మనిషి, జుట్టు సగం నెరిసింది, అయినా ఇంట్లో ఆఖరున పుట్టిన పాపానికి ఇప్పటికీ అందరికీ చిన్నదే. ఇప్పుడు ఆసుపత్రి వరండాలో, ఒక మూసిన తలుపుకి ఎదురుగా, ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. తలుపు వెనక అన్నయ్య ఉన్నాడు, వదిన ఉంది, గొంతు టీచరని అన్నయ్య పేరు పెట్టిన ఒక డాక్టరమ్మ ఉంది. రేపు పొద్దున అన్నయ్య మెడ కోసి, కేన్సర్ పట్టిన స్వరపేటికను మొత్తంగా తీసేస్తారు. ప్రాణానికి భయం లేదనే అంటున్నారు, కాని అంటున్న తీరులో కొంచెం భయం ఉంది. గొంతు మాత్రం ఇక రాదు.

ఆ గొంతు ఒక్క అన్నయ్యదే కాదు. బస్టాండు పైకప్పుకి వేలాడే స్పీకర్లలోంచి ఏళ్ళ తరబడి ఊరంతా వింటున్న గొంతు అది. దయచేసి వినండి అని మొదలుపెడితే పసిపిల్లలు ఏడుపాపేవాళ్ళు, ముసలాళ్ళు సంచులు దగ్గరికి లాక్కునేవాళ్ళు, ఫలానా బస్సు ఫలానా చోట సిద్ధంగా ఉందని చెప్తే మనల్ని పేరు పెట్టి పెళ్ళికి పిలిచినట్టుండేది. మొహం మాత్రం ఎవరికీ తెలియదు. టీ కొట్టు దగ్గర ఆయన పక్కనే నిలబడి ఆయన గొంతునే ఆయనకి మెచ్చుకుని చెప్పినవాళ్ళున్నారు. నీ దేవుడి కష్టం నాకొక్కడికే తెలుసే చిన్నదానా, అనేవాడు, నేనూ పైనుంచే మాట్లాడతా, ఎవరికీ కనపడను, అందరికీ వినపడతా, అయినా సగంమందికి బస్సు తప్పిపోతుంది. ఆ మాటకి ఆమెకి కోపం రావాలి, వచ్చేది కూడా, కాని వచ్చిన కోపం కుదురుగా కూర్చోకముందే నవ్వు తోసుకొచ్చేది, నవ్వినందుకు మళ్ళీ తన మీద తనకే కోపం. భోజనానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన కాస్త పొడిగించిందా, ఎదురుగా కూర్చుని ముక్కు మూసుకుని, ప్రయాణికులకు విజ్ఞప్తి, ఆమెన్ ఎక్స్‌ప్రెస్ కొంత ఆలస్యంగా నడుస్తోంది, దయచేసి సహకరించగలరు, అనేవాడు, పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు. అన్నయ్యకి దేవుడంటే ద్వేషం లేదు, పట్టింపు లేదు, అంతే. ద్వేషం ఉంటే వాదించొచ్చు. పట్టింపు లేని మనిషిని ఎక్కడ పట్టుకోవాలో ఆమెకి ఇన్నేళ్ళలో అంతుచిక్కలేదు.

అలాంటి మనిషి నోటివెంట, వాక్యం! ఆమె వెళ్ళే చర్చిలో ఆ మాటకి ఒకటే అర్థం. ఈ వారం వాక్యం ఎవరు చెప్తున్నారు, వాక్యం బలంగా వచ్చింది, వాక్యం వింటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి: వాక్యం అంటే దేవుడి మాట, ఆ మాటని విప్పి మనిషి చేతిలో పెట్టడం. అన్నయ్య అడిగాడు. తనంతట తాను అడిగాడు. నిన్న సాయంత్రం ఫోను పెట్టేశాక ఆమె వంటగదిలో పొయ్యి ఆపి, అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయింది, ఎన్ని పొద్దుల ప్రార్థన, ఎన్ని ఉపవాసాలు, అడిగీ అడిగీ ఇక అడగడానికే సిగ్గేసి ఊరుకున్న విషయం, ఇలా ఒక చిన్న ఫోనులో, వచ్చేటప్పుడు మందులు పట్టుకురా అన్నంత మామూలుగా. రాత్రంతా సర్దుకుంటూనే ఉంది. ప్రేమ గురించి చెప్పాలా, క్షమాపణ గురించా, రేపు మత్తిచ్చి పడుకోబెట్టే మనిషికి ముందు భయం పోయే మాట చెప్పాలి కదా, పొద్దున బస్సులో ఒకటి ఖాయం చేసుకుంది, దిగేటప్పటికి అది పాతదిగా అనిపించింది, ఇంకోటి ఎంచుకుంది, ఆసుపత్రి మెట్లెక్కుతుంటే అది మరీ పెద్దదైపోయింది, గొంతు పోతున్నవాడికి అంత పొడుగు ప్రసంగమా. ఇప్పుడు కుర్చీలో కూర్చుని చూసుకుంటే చేతిలో ఏమీ లేదు. సంచిలో పుస్తకం ఉంది, పుస్తకంలో అన్నీ ఉన్నాయి, అయినా ఆమె చేతిలో ఏమీ లేదు.

పాస్టరు గారు ఒక వేసవిలో క్లాసులు పెట్టారు, విశ్వాసం ఇంకొకరికి చెప్పాలంటే ముందు మనలో ఏముండాలి అని. వినయం ఉండాలి, ఓర్పు ఉండాలి, ప్రేమ ఉండాలి, ధైర్యం ఉండాలి, అన్నిటికీ ముందు ప్రార్థన ఉండాలి అని బల్ల కొట్టి చెప్పారు, బల్ల కొట్టేటప్పుడు వినయం కాస్త పక్కకి జరిగింది కాని మనిషి మంచాయన. చిన్నది ముందు వరసలో కూర్చుని అన్నీ నేర్చుకుంది, అడిగితే వరసగా అప్పజెప్పింది, అందరూ భేష్ అన్నారు. ఇప్పుడా వరసలో ఒక్కొక్కటీ తీసి తనలో ఉందా అని తడుముకుంటే, ప్రేమ ఉంది, అది దొంగది కాదు, ధైర్యం ఉండేది ఈ వరండాలోకి వచ్చేదాకా, ఓర్పు సంగతి అన్నయ్యనే అడగాలి. ఆ క్లాసులకి గొడుగు మామ్మ రాలేదు. మోకాళ్ళ నొప్పులు. ఎండా వానా ఏదీ లేకపోయినా చంకలో గొడుగు లేకుండా గడప దాటని ఆ ముసలావిడే చిన్నదాన్ని మొదటిసారి చర్చి గుమ్మం ఎక్కించింది, ఎలా ఎక్కించిందంటే చెప్పడానికి ఏమీ లేదు. కళ్ళద్దాల కాడ వదులైందని షాపుకొచ్చింది. బిగించి ఇస్తే, నీ కళ్ళేంటమ్మా అలా ఉన్నాయి, నిద్రపోవడం లేదా అంది. అమ్మ పోయి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. మర్నాడు ఇంటికొచ్చింది, గొడుగు మూలన పెట్టింది, సింకులో గుట్ట పడి ఉన్న గిన్నెలు తోమింది, వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. దేవుడి ఊసు లేదు, ఒక పాట లేదు, ఒక కరపత్రం లేదు. చిన్నది ఏడిస్తే ఏడవనిచ్చేది, అమ్మ గురించి చెప్పిందే చెప్తుంటే మొదటిసారి వింటున్నట్టు వినేది. చివరికి ఉండబట్టలేక చిన్నదే అడిగింది, మామ్మా, నువ్వెందుకిలా ఉంటావు నాతో, నేను నీకేమవుతాను అని. అప్పుడు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ మామ్మ అంది, నన్నొకాయన ఇలాగే చూసుకున్నాడమ్మా. ఎవరు మామ్మా? కూర్చో చెప్తా.

కూర్చో చెప్తా. ఆ ఒక్క మాటకి ముందు ఎన్ని గిన్నెలు! చిన్నది కళ్ళు మూసుకుంది. ప్రభువా, నాకు మాట ఇవ్వు, అన్నయ్య అడిగాడు, నువ్వే అడిగించావు, నన్ను వట్టి చేతులతో పంపకు. జవాబు రాలేదు. వరండా చివర మంచినీళ్ళ మిషనులోంచి చుక్క పడుతోంది, దూరంగా ఎక్కడో చక్రాల మంచం గడగడమంటూ పోతోంది, కిటికీలోంచి ఎండ వచ్చి ఆమె పాదాల మీద పడింది. ఎండ తప్ప ఇంకేమీ రాలేదు. అయినా ఆ మౌనంలో ఎవరో ఉన్నారు, ఎదురుగా కూర్చుని తన కోసం ఆగి ఉన్నారు, అని ఆమెకి ఒళ్ళు గగుర్పొడిచేంత గట్టిగా అనిపించింది, మాట అడిగిన తనకి మాట ఇవ్వకుండా అంత దగ్గరగా వచ్చి కూర్చోవడమేమిటో ఆమెకి అర్థం కాలేదు.

తలుపు తెరుచుకుంది. వదిన బయటికొచ్చింది, ముక్కు తుడుచుకుంటూ, నవ్వుతూ.

"అయిపోయిందమ్మా నాది. ఇక నీదే. ఏం వాక్యం తెచ్చావ్?"

"నిన్నూ వాక్యం పట్టుకురమ్మన్నాడా వదినా?" అంది చిన్నది. ఇంటిల్లిపాదీ ఒకేసారా, ప్రభువా!

"నాదేముంది, తలుపు గడియ వేశావా అన్నది చెప్పించుకున్నా. రోజూ పడుకునేముందు అదేగా అడిగేది, వేశాను మహానుభావా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. రేపట్నుంచి ఎవరడుగుతారు నన్ను?" వదిన కుర్చీలో కూలబడింది. "మొత్తం రికార్డు చేసి పెడుతోంది ఆవిడ. గొంతు పోయాక ఇంట్లోవాళ్ళు వినడానికి ఉంటుంది, ఒక్కొక్కరికీ ఏ వాక్యం కావాలో అడిగి చెప్పించుకోండి అంది. నీకు చెప్పలేదా ఏంటి?"

"ఒక వాక్యం పట్టుకురా అన్నాడు."

"ఆఁ, అదే."

అదే. వాక్యం అంటే బడిలో చెప్పిన వాక్యం. కర్త, కర్మ, క్రియ, చివర ఒక చుక్క. చిన్నది నవ్వాలో ఏడవాలో తెలియక ముందు నవ్వింది, వదిన వింతగా చూసింది, తర్వాత గోడకి తల ఆనించింది. వంటగదిలో గచ్చు మీద కూర్చుని చేసిన స్తోత్రాలన్నీ ఒక వ్యాకరణం మాటకి! అన్నయ్యకి తెలిస్తే కుట్లు పిగిలేలా నవ్వుతాడు, ఇంకా కుట్లు పడలేదు, నవ్వించొచ్చు. ఆ నవ్వు ఆగీ ఆగకముందే ఒక ఆలోచన వచ్చింది. వచ్చి, మెల్లగా, పక్క కుర్చీలో కూర్చున్నంత మర్యాదగా కూర్చుంది. ఏదడిగితే అది చెప్తాడు కదా. ఇవాళ కాదనడు. యేసు నా ప్రభువు అని చెప్పు అన్నయ్యా అంటే, కాస్త నవ్వి, నీ ముచ్చట ఎందుకు కాదనాలి అని చెప్పేస్తాడు, ఆ గొంతులో, ఊరంతా చెవులు రిక్కించి విన్న ఆ గొంతులో, అది తన దగ్గర ఉండిపోతుంది, రేపు ఏమైనా అయితే, ప్రభువా, ఏమీ కాకూడదు, అయితే, దాన్ని పెట్టుకుని వింటూ, అన్నాడు, మా అన్నయ్య కూడా అన్నాడు, అని చెప్పుకోవచ్చు. మూడే మాటలు. చివర ఒక చుక్క.

ఆశ ఎంత బలంగా ఉందంటే కుర్చీలోంచి సగం లేచింది. అప్పుడే ఎందుకో అమ్మ గుర్తొచ్చింది. అమ్మకి కళ్ళద్దాలంటే తగని చిరాకు. ఒకరోజు బతిమాలి షాపులో పరీక్ష కుర్చీలో కూర్చోబెడితే, బోర్డు మీద అక్షరాలు గడగడా చదివేసింది, చీమల్లాంటి చివరి వరసతో సహా. చిన్నది ఆశ్చర్యపోయి, అమ్మో అమ్మ చూపే చూపు అనుకుని, ఎందుకైనా మంచిదని బోర్డు మార్చింది. అమ్మ ఏ తడబాటూ లేకుండా మళ్ళీ అవే పాత అక్షరాలు చదివింది. కూతురి కోసం షాపులో కూర్చుని కూర్చుని, వచ్చినవాళ్ళందరూ చదువుతుంటే విని విని బట్టీపట్టేసింది మహాతల్లి! అన్నీ తప్పులేకుండా చెప్పింది, ఒక్కటీ కనపడలేదు. ఏళ్ళుగా చిన్నది చేసే పనంతా ఇంతే, ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెట్టి, ఇలా బాగుందా, అలా బాగుందా అని అడిగి నోరు మూసుకోవడం. వాళ్ళకి మసకగా ఉందంటే మసకే. వాళ్ళ బదులు తను చదవలేదు. ఏదో ఒక క్షణంలో, ఏ అద్దం దగ్గరో, ఎదుటి మొహం విచ్చుకుంటుంది, అరె, కనపడుతోంది అంటారు, ఆ అరె వినడానికే ఆమె ఆ ఉద్యోగం వదల్లేదు. అన్నయ్య నోట అరె రాకుండా అక్షరాలు మాత్రం చెప్పించుకుంటావా? అడిగిందెవరో, తనే, కాని తన గొంతు అంత నెమ్మదిగా ఉండదు. ప్రభువు ఎప్పుడైనా ఎవరి నోట్లోనైనా మాట కుక్కాడా? కావాలంటే రాళ్ళచేత పాడించగలిగినవాడు అన్నయ్య పట్టింపులేనితనం ముందు ఇన్నేళ్ళుగా ఓపిగ్గా ఆగి ఉన్నాడు, ఆ జోకులన్నీ విన్నాడు, ఆమెన్ ఎక్స్‌ప్రెస్ దగ్గర ఆయన కూడా నవ్వే ఉంటాడు. అంత పెద్దవాడికి అంత ఓర్పు ఎలా వచ్చింది? చిన్నదానికి ఒక్కసారిగా తను ఎంత చిన్నదో తెలిసింది, తెలిసినందుకు బాధ కలగలేదు, తేలికైంది.

ఎదురు బెంచీ మీద ఒక తల్లి ఒళ్ళో పాప నిద్రపోతోంది. వాళ్ళ వంతు వచ్చినట్టుంది, తల్లి పాప బుగ్గ తట్టి లేపుతోంది, పాప లేవనని మొహం దాచుకుంటోంది. చిన్నది కూడా అంతే, లేచేది కాదు. అమ్మ చీకటితోనే పనికి వెళ్ళిపోతే లేపే పని అన్నయ్యదే, కేకలేసేవాడు కాదు, వచ్చి చెయ్యి పట్టుకునేవాడు, చల్లటి చెయ్యి, అప్పుడే నీళ్ళు పట్టి వచ్చిన చెయ్యి, లాగి కూర్చోబెట్టి, కళ్ళింకా తెరవకముందే రొట్టెముక్క ఒకటి చేతిలో పెట్టేవాడు.

"వెళ్ళమ్మా, నీకోసం ఎదురుచూస్తున్నాడు" అంది వదిన.

లోపల ఇరుకు గది, గోడలకి మెత్తటి గుడ్డ కొట్టి ఉంది, బయటి చప్పుడు తలుపు దగ్గరే ఆగిపోయింది. గొంతు టీచరు చెవులకి పెద్ద గంటల్లాంటి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. అన్నయ్య మైకు ముందు నిటారుగా ఉన్నాడు, మైకు ముందు ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు, రాజుగారిలా, మెడ మాత్రం సన్నబడింది, చొక్కా కాలరులో రెండు వేళ్ళు పట్టేంత. చెల్లెల్ని చూసి కనుబొమలెగరేశాడు.

"ఏదీ, నీ వాక్యం?" గొంతు గరగరలాడింది. "నీ ప్రభువు గురించేగా. మొహమాటపడకు, చెప్పేస్తా. మళ్ళీ ఈ సరుకు దొరకదు."

చూశారా, తనే ఇస్తున్నాడు. అడగక్కర్లేదు కూడా, ఊఁ అంటే చాలు. చిన్నదాని నాలుక చివర ఆ మూడు మాటలూ వచ్చి నిలబడ్డాయి. ఆమె అన్నయ్య మొహం వైపు చూసింది, ఆ మొహంలో వేళాకోళం లేదు, గొంతు పోయేముందు చెల్లెలికి ఏదో ఒకటి ఇవ్వాలన్న ఆత్రం ఉంది, ఆ ఆత్రం చూసి ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది, ఇంత ప్రేమని తీసుకుని దాంతో ఆ పని చేయలేను ప్రభువా, నా చేత కాదు, అనుకుంది.

"కాదన్నయ్యా. పొద్దున్నే నన్ను లేపేవాడివే, అది చెప్పు."

"అదా?"

"అదే."

అన్నయ్య గ్లాసులో నీళ్ళు ఒక గుక్క తాగాడు, మైకుకి దగ్గరగా వంగాడు. బస్టాండు గొంతు తీస్తాడనుకుంది. ఆయన అది పక్కన పెట్టేసి, ఇంకా వెనక్కి, ఇంకా లోపలికి వెళ్ళి, మీసాలు రాని రోజుల గొంతు ఎక్కడుందో వెతికి తీసుకొచ్చాడు.

"చిన్నదానా, లే. తెల్లారింది."

ఆ మాట ఆమె చిన్నప్పుడు రోజూ విన్నది. ఆ మాట పెద్దయ్యాక బైబిల్లో ఎన్నోసార్లు చదివింది. ఒక ఇంట్లో ఒక పిల్ల జబ్బుపడి చచ్చిపోయింది, ఇంటినిండా ఏడుపులు, యేసు వచ్చి, పిల్ల నిద్రపోతోంది అన్నాడు, అందరూ నవ్వారు, ఆయన లోపలికెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుని అచ్చం ఇలాగే పిలిచాడు, చిన్నదానా, లే అని, పిల్ల లేచి నడిచింది, అప్పుడాయన ముందు ఆ పిల్లకి తినడానికేమైనా పెట్టండి అన్నాడు. చల్లటి చెయ్యి. రొట్టెముక్క. చదివిన మాటా విన్న మాటా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె తలలో ఎదురుపడలేదు, ఇప్పుడు ఈ గుడ్డగోడల గదిలో రెండూ కలిసి ఒకటే గొంతై వచ్చి చెవిలో పడ్డాయి. తను దేవుడి మాటని అన్నయ్య దగ్గరికి మోసుకొస్తున్నాననుకుంది. అది తనకంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చుని ఉంది. దేవుడి పట్టింపే లేని ఈ మనిషి నోట, ఆమెకి అక్షరాలు రాకముందే, ప్రతి పొద్దునా ఆమెకి వినపడుతూనే ఉంది. ఇన్నేళ్ళూ బస్సు తప్పింది ఎవరికి మరి? చిన్నది గోడ పట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు, ఎంత పెద్దవాడివి ప్రభువా, ఎంత మామూలుగా వస్తావు, అన్నది ఒక్కటే లోపల తిరుగుతోంది.

"సరిగ్గా వచ్చిందండీ, చాలా బాగుంది" అంది గొంతు టీచరు. "ఆపేయమంటారా?"

అన్నయ్య ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. చెల్లెలి వైపే చూస్తున్నాడు, బోర్డు మీద ఏదో కనపడీ కనపడనట్టు కళ్ళు చిట్లించి.

"ఏమైందే? దానికంత ఏడుపేంటి? నీ దేవుడి మాట చెప్పమంటావనుకుంటే, ఇదేదో పాత చింతకాయ పచ్చడి అడిగావు."

"అది ఆయన మాటే అన్నయ్యా."

"లే, తెల్లారింది అన్నదా? నేననేవాణ్ణి కదే అది. ఆయనెప్పుడన్నాడు? ఎవరితో?"

అడిగాడు. ఆమెన్ ఎక్స్‌ప్రెస్ లేదు, ముక్కు మూసుకోలేదు. తెలియక అడిగాడు. చిన్నది పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. మొహం తుడుచుకుంది. ఏ క్లాసులో నేర్చుకున్నదీ గుర్తు రావడం లేదు, గుర్తు రాకపోవడం బాగుంది.

"చెప్పడానికి కాస్త టైము పడుతుంది. నీకు ఓపికుందా?"

"చెప్పు" అన్నాడు అన్నయ్య, ఆ గొంతులో మిగిలి ఉన్న కాస్తంతతో. "రేపట్నుంచి ఎలాగూ నాకు వినడమే పని."

అని, ఏళ్ళ తరబడి తన ముందున్న మైకుని ఎవర్నీ కదపనివ్వని మనిషి, ఈ మైకుని మెడ పట్టుకుని, మెల్లగా చెల్లెలి వైపుకి తిప్పాడు.